సీసీడీలో ఆవేశ చలనం: మోడల్ కంటే ల్యాబ్‌లో చుక్క ఎందుకు వెడల్పుగా వస్తోంది?

వనపర్తి_పరిశోధకుడు: అందరికీ నమస్కారం. 100 మైక్రాన్ల మందం గల, పూర్తిగా డిప్లీట్ అయిన (స్వేచ్ఛా ఆవేశాలు ఖాళీ అయిన) సీసీడీలో, అంటే కాంతిని ఆవేశంగా మార్చి పట్టే కెమెరా చిప్‌లో, ఎలక్ట్రాన్ల చలనాన్ని డ్రిఫ్ట్-డిఫ్యూజన్ (క్షేత్రం లాగడం, వాటంతట అవే వ్యాపించడం) సమీకరణాలతో మోడల్ చేస్తున్నాను. బయాస్ 50 వోల్టులు, ఉష్ణోగ్రత 173 కెల్విన్, మొబిలిటీ (క్షేత్రంలో ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే విలువ) 1400 cm²/V·s. కాంతి చుక్క సిగ్మా (వ్యాప్తి కొలత) మోడల్‌లో సుమారు 2.4 మైక్రాన్లు వస్తుండగా ల్యాబ్ చిత్రంలో అంతకంటే స్పష్టంగా ఎక్కువ ఉంది. మెష్ (లెక్క కోసం పరికరాన్ని విభజించే గడుల వల) ఎంత సన్నగా ఉండాలి? ట్రాప్‌లను (ఎలక్ట్రాన్లను పట్టి ఉంచే స్ఫటిక లోపాలను) ఎలా చేర్చాలి? పిక్సెల్ అంచుల వద్ద ఏ షరతులు పెట్టాలి?

నల్లగొండ_మెష్: ముందు మెష్ తేల్చండి. పక్కపక్క నోడ్‌ల (వల బిందువుల) మధ్య పొటెన్షియల్ తేడా థర్మల్ వోల్టేజీకి (ఉష్ణోగ్రతను బట్టి ఉండే kT/qకి) రెట్టింపు దాటితే మామూలు సెంట్రల్ డిఫరెన్స్ పద్ధతిలో ఎలక్ట్రాన్ సాంద్రత ఊగిసలాడి రుణాత్మకంగా కూడా వస్తుంది. మీ ఉష్ణోగ్రతకు ఆ హద్దు సుమారు 30 మిల్లీవోల్టులు. మైక్రాన్‌కు అర వోల్టు పడుతున్న మీ పరికరంలో నోడ్‌ల దూరం 60 నానోమీటర్లు మించకూడదు. ఆ బాధ లేకుండా చేసిన షార్ఫెటర్-గమ్మెల్ పద్ధతి 1969లోనే వచ్చింది. సీసీడీ పుట్టిందీ ఆ ఏడాదే, బెల్ ల్యాబ్స్‌లోనే.

జడ్చర్ల_డిజైనర్: మెష్ తరువాత, మొబిలిటీయే తప్పు. 1400 అనేది 300 కెల్విన్ విలువ. 173 కెల్విన్ వద్ద అది మూడు రెట్లకు పైగా ఉంటుంది. ఇమేజ్ సెన్సర్ల డిజైన్‌లోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఈ తప్పు ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ చూస్తాను.

సూర్యాపేట_లెక్కలు: సార్, అనుభవం మీద గౌరవం ఉంది కానీ వాదన నిలవదు. మొబిలిటీ పెరిగితే డిఫ్యూజన్ గుణకం పెరుగుతుంది, ప్రయాణ సమయం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఐన్‌స్టీన్ సంబంధం (డిఫ్యూజన్ గుణకం మొబిలిటీకి, ఉష్ణోగ్రతకు అనులోమం) ప్రకారం రెండూ కొట్టుకుపోయి మందం, ఉష్ణోగ్రత, వోల్టేజీ మాత్రమే మిగులుతాయి. వారి 2.4 మైక్రాన్లు సరిగ్గా అలా వచ్చినవే.

జడ్చర్ల_డిజైనర్: అది పుస్తకంలోని మాట. సెంటీమీటరుకు 5000 వోల్టుల క్షేత్రంలో, అంత చల్లని సిలికాన్‌లో వేగం సంతృప్త స్థితికి చేరువవుతుంది, అంటే క్షేత్రం పెంచినా అంతగా పెరగదు. ఎలక్ట్రాన్లు స్ఫటికం కంటే వేడెక్కుతాయి. అప్పుడు మీ కొట్టివేత చెల్లదు. ప్రాథమికాంశాలు నాకు చెప్పవద్దు.

సూర్యాపేట_లెక్కలు: చెల్లదని ఒప్పుకుంటాను. అయితే అది క్షేత్రం వల్ల వచ్చే ప్రభావం, 1400 వల్ల వచ్చినది కాదు. మీరు మొదట అన్నది వేరు, ఇప్పుడు అంటున్నది వేరు.

పాలమూరు_టెలిస్కోప్: ట్రాప్‌ల మాట ఎవరూ ఎత్తలేదు. రీడౌట్‌లో ఆవేశం పిక్సెల్ నుండి పిక్సెల్‌కు మారే ఒక్కో బదిలీలో లక్షకు ఒక ఎలక్ట్రాన్ వెనకబడినా, 2000 బదిలీల తరువాత రెండు శాతం మూల ప్యాకెట్ నుండి జారిపోతుంది. హబుల్ కెమెరాలలో అంతరిక్ష ప్రోటాన్లు సిలికాన్ పరమాణువులను కదిలించి చేసిన ట్రాప్‌ల వల్ల నక్షత్రాలకు తోకలు వచ్చాయి. ట్రాప్‌లు ఎలక్ట్రాన్లను పట్టి వదిలే తీరును మోడల్ చేసి ఆ చిత్రాలను సవరిస్తున్నారు. మీ చుక్క రీడౌట్ దిశలోనే సాగుతోందా?

వనపర్తి_పరిశోధకుడు: లేదండీ, రెండు దిశలలోనూ వెడల్పవుతోంది.

దేవరకొండ_ఆకాశం: అలాగైతే ఇంతమంది ఇంతసేపు అడగని ప్రశ్న ఒకటుంది: చుక్క ఎంత ప్రకాశవంతమైనది? పిక్సెల్‌లో పోగైన ఎలక్ట్రాన్లు తరువాత వచ్చేవాటిని పక్క పిక్సెళ్లలోకి నెడతాయి, కనుక కాంతి పెరిగిన కొద్దీ చుక్క లావవుతుంది. రూబిన్ అబ్జర్వేటరీ కెమెరాలోని 189 సెన్సర్లూ మీలాగే 100 మైక్రాన్ల మందం, 10 మైక్రాన్ల పిక్సెళ్లవి. గెలాక్సీల ఆకారాలు కొలవాలంటే అక్కడ ఈ ప్రభావాన్ని సవరించక తప్పదు. పాయిసాన్ సమీకరణాన్ని (ఆవేశం నుండి పొటెన్షియల్ లెక్కించేది) ఖాళీ పిక్సెల్‌కు ఒక్కసారి సాధించి వదిలేస్తే ఇది ఎన్నటికీ కనిపించదు.

వనపర్తి_పరిశోధకుడు: నేను ఒక్కసారే సాధించాను. ఈ రోజు కాంతిని బాగా తగ్గించి తీసిన చిత్రాలలో సిగ్మా 2.4కు చాలా దగ్గరగా వచ్చింది. పోగైన ఆవేశంతో పొటెన్షియల్‌ను మెట్టుమెట్టుగా మళ్ళీ లెక్కిస్తూ రన్ పెడుతున్నాను.

జడ్చర్ల_డిజైనర్: పెట్టండి, కానీ మిగిలే ఆ చిన్న తేడా వేడి ఎలక్ట్రాన్లదే. క్షేత్రంతో మారే మొబిలిటీ మోడల్‌ను కూడా అందులో చేర్చండి.