క్రిస్మస్ తాత నిజంగా ఉన్న మనిషేనా?

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు):
మా చర్చి సండే స్కూలు పిల్లలకు ఈ డిసెంబరులో క్రిస్మస్ తాత గురించి చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. ఆయన ప్రస్తావన బైబిలులో లేదని తెలుసు. మరి ఆయన ఒకప్పుడు జీవించిన మనిషా, లేక కొందరు అంటున్నట్లు కోకాకోలా కంపెనీ ప్రకటనల కోసం పుట్టించిన బొమ్మా? పిల్లలకు లేనిపోనివి చెప్పడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (గుణదల, విజయవాడ):
నమస్కారమండీ. మూలపురుషుడు నాలుగో శతాబ్దంలో మైరా పట్టణానికి బిషప్పుగా ఉన్న నికోలస్. ఆ ఊరు నేటి టర్కీ దక్షిణ తీరంలోని దెమ్రె. ఆయన చరిత్రలుగా మనకు దక్కినవన్నీ చాలాకాలం తరువాత రాసినవే కనుక, కింది కథను కథగానే చెప్పండి.

ఆస్తి పోగొట్టుకున్న ఒక తండ్రి, కట్నం ఇచ్చుకోలేక తన ముగ్గురు కూతుళ్లను అమ్ముకునే స్థితికి వచ్చాడట. అది విన్న నికోలస్ ఒక రాత్రి కిటికీలోంచి బంగారు నాణేల మూటను లోపలికి విసిరి వెళ్లిపోయాడు. పెద్దమ్మాయి పెళ్లి జరిగింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆ తండ్రి నిద్రపోకుండా కాపుకాసి, వెంటపడి పట్టుకుని కాళ్ల మీద పడితే, తాను బతికి ఉన్నంతకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని నికోలస్ మాట తీసుకున్నాడు. కట్నాల బాధ ఎరిగిన మన ప్రాంతంలో ఈ కథ పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
కోకాకోలా సంగతి నేను చెబుతాను. 1087లో ఇటలీ నావికులు నికోలస్ అస్థికలను బారీ నగరానికి తరలించాక, ఆయన పేరు పశ్చిమ ఐరోపాలో మరింతగా వ్యాపించింది. డచ్చివారి ఇళ్లలో పిల్లలు ఆయన పండుగ వేళ కానుకల కోసం బూట్లు పెట్టి ఎదురుచూసేవారు. అక్కడ సెయింట్ నికోలస్‌ను పిలిచే పేరైన సింటర్‌క్లాసే అమెరికాలో శాంటాక్లాజ్ అయ్యాడు. ఎనిమిది రెయిన్‌డీర్లు లాగే బండి, పొగగొట్టంలోంచి దిగడం 1823లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణపు పత్రికలో వచ్చిన ఒక పద్యంతో జనంలోకి వెళ్లాయి. లావుపాటి, గడ్డపు తాతను 1863 నుంచి హార్పర్స్ వీక్లీ అనే అమెరికన్ వారపత్రికలో గీస్తూ వచ్చినవాడు థామస్ నాస్ట్. కోకాకోలా కోసం హ్యాడన్ సండ్‌బ్లోమ్ బొమ్మలు వేయడం మొదలుపెట్టింది 1931లో. ఎర్ర దుస్తుల తాత అప్పటికే జనానికి పరిచయం. ఆ రూపాన్ని ప్రపంచమంతా స్థిరపరచడంలో కంపెనీకి పెద్ద పాత్రే ఉంది గానీ, పుట్టించింది మాత్రం కాదు.

జవాబు (కొత్తపేట, గుంటూరు):
మీది లూథరన్ సంఘమైతే మరొక సంగతి కూడా చెప్పండి. మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన సంస్కరణోద్యమం పునీతుల పండుగలను తగ్గించడంతో, జర్మనీలోని ప్రొటెస్టంటు ఇళ్లలో కానుకలు డిసెంబరు 6 నాటి నికోలస్ పండుగ నుంచి క్రమంగా క్రిస్మస్‌కు మారి, బాలయేసు పేరిట అందసాగాయి. జర్మనీలో పుట్టి అమెరికా మీదుగా వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరులో అడుగుపెట్టింది 1842లో, అంటే నాస్ట్ తొలి బొమ్మకు 21 సంవత్సరాల ముందు. ఇప్పుడు మన వీధుల్లో క్యారల్స్ బృందంతో తిరిగే తాత వేషం, ఆ తొలినాటి క్రిస్మస్‌లలో ఉండే అవకాశమే లేదు.