‘సెయిల్స్ బెంట్’: తెరచాపలు వంగాయా?

ప్రశ్న: 1805లో స్పెయిన్‌లోని కాడిజ్ రేవులో ఉన్న శత్రు ఓడల మీద బ్రిటిష్ నిఘా గురించి చదువుతుంటే ‘సెయిల్స్ బెంట్’ తగిలింది. తెలుగులో ‘తెరచాపలు వంగి ఉన్నాయి’ అనొచ్చా?

— వంగడం కాదండీ, కట్టడం. ఓడ చాలాకాలం రేవులో ఉండేటప్పుడు గుడ్డ చివికిపోకుండా చాపలు విప్పి లోపల పెడతారు. పై స్తంభాలు, అడ్డకొయ్యలు కూడా దించేస్తారు. ప్రయాణం కట్టాలంటే స్తంభాలు లేపి, అడ్డకొయ్యలు నిలిపి, వాటికి చాపలు తాళ్ళతో బిగించాలి. అందుకే దుర్భిణిలో బోడి స్తంభాలు కనిపిస్తే ఇప్పట్లో కదలరని లెక్క. ‘చాపలు కట్టి ఉన్నాయి’ అనండి.

— ‘శత్రువు సన్నద్ధం’ అంటే సరిపోదా మాస్టారూ?

— ముచ్చటేమిటంటే ‘సన్నద్ధం’లో ఉన్నదీ కట్టుడే. ‘ణహ బంధనే’ అని ధాతువు. కవచం బిగించుకున్నవాడు సన్నద్ధుడు. అయినా ఇక్కడ వద్దంటాను. కాపలా కెప్టెన్ మెట్టు మెట్టుకీ వేరే కబురు పంపాలి. అక్టోబరు 19 పొద్దున్నే కాపలా కెప్టెన్ బ్లాక్‌వుడ్ ఫ్రిగేట్ల (చిన్న, వేగమైన యుద్ధ ఓడల) నుంచి మొదట వచ్చిన సంకేతం, టాప్‌సెయిల్ (రెండో వరస చాప) అడ్డకొయ్యలు పైకెత్తారని. ఆ తర్వాత 370వ నంబరు: రేవు వదిలి వస్తున్నారని. వరసగా నిలిపిన ఓడలు ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటూ 50 మైళ్ళ దూరాన ఉన్న బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్‌కి దాన్ని చేరవేశాయి. రెండిటినీ ‘సన్నద్ధం’లో కలిపేస్తే ఆ కెప్టెన్ చూసింది సగం పోతుంది.

ఇంకో తిరకాసు. వాన వెలిశాక చాపలు ఆరడానికి వదులుగా వేలాడదీస్తారు. దూరానికి బయల్దేరుతున్నట్టే ఉంటుంది. అడ్డకొయ్య కిందే ఉందా, స్తంభం మీదికెక్కిందా అన్నదే తేడా. గాలి సంగతీ ఉంది. ఫ్రెంచి నౌకా రేవు బ్రెస్ట్‌లో పడమటి గాలి గట్టిగా వీస్తే అన్నీ కట్టుకున్న ఓడ కూడా బయటికి రాలేదు. కానీ అదే గాలి కాపలా ఓడల్నీ తరిమేస్తుంది. 1759 నవంబరులో బ్రిటిష్ నౌకాధిపతి హాక్ తుపానుకి ఇంగ్లండ్ తీరాన టోర్‌బేలో తలదాచుకుంటే, గాలి తిరగగానే ఫ్రెంచి నౌకాధిపతి కాన్‌ఫ్లాన్స్ బ్రెస్ట్ నుంచి బయటపడ్డాడు. ఇక నావికులు చాలినంత ఉన్నారా అన్నది దుర్భిణికి అందదు. దానికి జాలర్లనీ తటస్థ దేశాల వర్తక ఓడల్నీ ఆపి అడగాల్సిందే.

— మరి ‘యార్డ్’ అలాగే ఉంచేదా?

— వద్దు, మూడడుగుల గజం అనుకుంటారు! అడ్డకొయ్య చాలు. టాప్‌సెయిల్‌ని మాత్రం ఉంచి, కింది నుంచి రెండో వరస చాప అని మొదటిసారి ఒక్కమాట చెప్పండి.