సిలువ మీద నొప్పి నిజమా, ఉన్నట్టు కనబడిందంతేనా? జ్ఞానవాదులకు తొలి సంఘం ఇచ్చిన జవాబు న్యాయమైనదేనా?

గోదావరిగట్టు

మా సంఘంలో విశ్వాస ప్రమాణం చెప్పినప్పుడల్లా ఒక సందేహం. అందులో యేసు, మరియ కాక ఇంకొక్క మనిషి పేరే వినిపిస్తుంది: పొంతి పిలాతు. పేతురు లేడు, పౌలు లేడు, శిక్ష వేసిన రోమా అధికారి ఉన్నాడు. ఎందుకా అని వెతుక్కుంటూ పోతే రెండో శతాబ్దపు గొడవ దగ్గర తేలాను.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. క్రీస్తు పైనుంచి వచ్చిన రక్షకుడని జ్ఞానవాదులు, అంటే గ్నోస్టిక్కులు, ఒప్పుకున్నారు. కానీ ఈ లోకాన్నీ, మట్టి శరీరాన్నీ చేసింది పరమ దేవుడు కాదనీ, అంతకంటే తక్కువవాడైన ఒక శక్తి అనీ వాళ్లలో చాలామంది నమ్మకం. అలాంటప్పుడు రక్షకుడు ఈ శరీరంలోకి ఎలా దిగుతాడు? శరీరం ఉన్నట్టు కనబడిందే గానీ లేదని కొందరు, యేసు వేరు, క్రీస్తు వేరు అని కొందరు అన్నారు. ఎఫెసు ప్రాంతంలో బోధించిన సెరింథస్ చెప్పింది ఈ రెండోది. యోసేపు, మరియల కొడుకైన యేసు మీదికి బాప్తిస్మమప్పుడు పావురంలా క్రీస్తు దిగాడట, శ్రమలకు ముందే వదిలేసి వెళ్లిపోయాడట. సిలువ మీద మిగిలింది యేసు ఒక్కడే.

ఇలాంటివాళ్లకు తొలి సంఘపు రచయితలు ఇగ్నేషియస్, ఇరేనియస్, తెర్తుల్లియన్ జవాబులు రాశారు. వాళ్లు వాదించి గెలిచారా, బిషప్పుల అధికారంతో నోరు మూయించారా? ఇక్కడ రెండు వైపులా చదివినవాళ్లున్నారు కాబట్టి అడుగుతున్నాను.

పాతప్రతి

అధికారంతోనే అంటాను. ఇరేనియస్ సుమారు 180లో జ్ఞానవాదులకు వ్యతిరేకంగా రాసిన అయిదు సంపుటాలు తిరగేయండి. సువార్తలు నాలుగే ఎందుకుండాలి అంటే లోకానికి దిక్కులు నాలుగు, గాలులు నాలుగు అంటాడు. అది వాదనా? మాది సత్యం ఎందుకంటే మా బిషప్పుల వరస అపొస్తలుల దాకా వెళ్తుంది అంటాడు. అపొస్తలుడైన యోహాను ఎఫెసు స్నానశాలలో సెరింథస్ ఉన్నాడని తెలిసి, కప్పు కూలుతుందేమో పారిపోదాం అని స్నానం చేయకుండానే బయటికి పరుగెత్తాడని కథ చెప్తాడు. వాలెంటినస్ అనే జ్ఞానవాద గురువు శిష్యులు చెప్పే దివ్యశక్తుల పేర్లను వెక్కిరించడానికి సొరకాయ, దోసకాయ అని తనే పేర్లు పెడతాడు. ఎదుటివాడి మాట విన్న మనిషి రాతలా ఉందా ఇది?

ఇంకా ముఖ్యమైంది. బాసిలిడెస్ అనే ఇంకో జ్ఞానవాద గురువు ఏం నమ్మాడో ఇరేనియస్ ఒకలా చెప్తే, మరో సంఘ రచయిత హిప్పోలిటస్ పేరు మీదున్న గ్రంథం పూర్తిగా ఇంకోలా చెప్తుంది. అలెక్సంద్రియ క్లెమెంట్ ఉటంకించిన బాసిలిడెస్ మాటలు వీటి రెంటితోనూ సరిగా కలవవు. వందల ఏళ్లపాటు మనకు వినిపించింది ఎక్కువగా ఫిర్యాదుదారు గొంతే. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర జాడీలో ఆ కోప్టిక్ పుస్తకాలు దొరకబట్టి గానీ ముద్దాయి వాంగ్మూలం ఇంత వివరంగా మనదాకా రాలేదు.

సిలువనీడ

పాతప్రతి గారూ, నాగ్ హమ్మాది పేరు మీరే ఎత్తారు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. ఇరేనియస్ మొదటి సంపుటంలో ఒకచోట పరమ తండ్రి, బార్బెలో అనే దివ్యశక్తి, ఆ తర్వాత పుట్టుకొచ్చిన శక్తులు అంటూ ఒక పెద్ద కథ సంగ్రహంగా చెప్తాడు. కల్పించాడని అనుకోవడానికి వీలున్న భాగం అది. తీరా చూస్తే ‘యోహాను రహస్య గ్రంథం’ నాగ్ హమ్మాదిలో మూడు ప్రతులు దొరికింది, బెర్లిన్‌లో ఉన్న వేరే కోప్టిక్ పుస్తకంలో ఇంకొకటి ఉంది. దాని మొదటి భాగం ఇరేనియస్ చెప్పిన కథకు చాలా దగ్గరగా ఉంది. యూదా సువార్త అనే పుస్తకం ఒకటుందని రాసిందీ ఈయనే. 2006లో అది అచ్చయింది. వాలెంటినస్ శిష్యుల పుస్తకాలు చదివాననీ, వాళ్లలో కొందరిని కలిసి మాట్లాడాననీ ముందుమాటలోనే చెప్పుకున్నాడు. కటువుగా రాశాడు, కాదనను. వినకుండా రాశాడంటే మాత్రం ఒప్పుకోను.

గోదావరిగట్టు గారూ, మీ పిలాతు సందేహానికి ఇరేనియస్ కంటే డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్‌ను పదిమంది సైనికుల కాపలాతో రోమాకు తీసుకెళ్తున్నారు, మృగాలకు వేయడానికి. దారిలో స్ముర్నలో ఆగినప్పుడు కొన్ని ఉత్తరాలు, త్రోయ నుంచి ఇంకొన్ని రాశాడు. వాటిలో మూడింటిలో పిలాతు పేరుంది. నిజంగా పుట్టాడు, నిజంగా తిన్నాడు, తాగాడు, పిలాతు కాలంలో నిజంగా హింసపడ్డాడు, నిజంగా సిలువ వేయబడ్డాడు, ఇదీ వరస. తేదీ ఉన్న ఘటన, సాక్షులున్న ఘటన అని చెప్పడానికే అధికారి పేరు.

ఆ వెంటనే అడుగుతాడు: ఆయన శ్రమపడినట్టు కనబడ్డాడంతే అంటే, నేనెందుకు ఈ సంకెళ్లలో ఉన్నాను? మృగాలతో పోరాడాలని ఎందుకు కోరుకుంటున్నాను? నేను చచ్చేది ఊరికేనా?

ఈ మాట అంటున్నవాడి చేతికి గొలుసుంది. దీన్ని పదవి కోసం చేసిన వాదన అని నేను చదవలేను. స్ముర్న వాళ్లకు రాసిన ఉత్తరంలో ఇంకో సంగతి: క్రీస్తుకు శరీరం లేదనేవాళ్లు విధవరాళ్లనీ, అనాథలనీ, చెరలో ఉన్నవాళ్లనీ, ఆకలిగొన్నవాళ్లనీ పట్టించుకోరు, రొట్టె విరిచే బల్ల దగ్గరికీ రారు అంటాడు. శరీరం గురించిన సిద్ధాంతం ఎదుటివాడి ఆకలి దగ్గర బయటపడుతుందని ఆయన లెక్క. ఆ నింద అందరికీ వర్తిస్తుందా అంటే అది వేరే చర్చ.

నాగావళి

నేను క్రైస్తవుణ్ణి కాదండీ, తత్త్వం మీద ఇష్టంతో ఇక్కడ చదువుతుంటాను. బాసిలిడెస్ పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. సిలువ వేసింది క్రీస్తును కాదు, ఆయన సిలువ మోసిన సీమోనును అన్నది బాసిలిడెసే కదా? అది చదివినప్పుడు నాకు అధ్యాత్మ రామాయణంలో మాయాసీత గుర్తొచ్చింది. రావణుడు ఎత్తుకెళ్లింది ఆమె నీడను, అసలు తల్లి అగ్నిలో భద్రంగా ఉంది. అమ్మకు ఆ అవమానం జరిగిందని తలచుకోవడం కూడా భక్తుడు భరించలేడు. జ్ఞానవాదులదీ అలాంటి భక్తే కావచ్చు కదా? దాన్ని దుర్బోధ అని అంతగా తరిమికొట్టాలా?

సిలువనీడ

చాలా మంచి ప్రశ్న వేశారు. దేవుడికి నొప్పి అంటగట్టకూడదన్న గౌరవం వాళ్లలో తప్పకుండా ఉంది. కానీ ఆ కథ నడిచే తీరు చూడండి. మీరు చెప్పిన అధ్యాత్మ రామాయణంలో సీత స్థానంలో ఉన్నది నీడే, ఇంకో ఆడపిల్ల కాదు. ఇరేనియస్ చెప్పిన బాసిలిడెస్ కథలో ఆ స్థానంలో ఉన్నది మనిషి. కురేనీయుడైన సీమోను, మార్కు సువార్త ప్రకారం పల్లెటూరి నుంచి వస్తున్నవాడు, అలెక్సంద్రు, రూఫు అనే ఇద్దరు పిల్లల తండ్రి. సైనికులు పట్టుకుని సిలువ మోయించారు. రూపాలు మారిపోయి ఆయన్ను మేకులు కొట్టారట, క్రీస్తు సీమోను రూపంలో పక్కన నిలబడి నవ్వాడట.

ఇది ఇరేనియస్ పుట్టించింది కాదు. నాగ్ హమ్మాదిలో ‘మహా షేతు రెండో గ్రంథం’ ఉంది. అందులో మాట్లాడేది స్వయంగా క్రీస్తు: సిలువ భుజాన మోసింది సీమోను అనే వేరేవాడు, ముళ్ల కిరీటం పెట్టింది వేరేవాడికి, నేను పైన ఉండి వాళ్ల అజ్ఞానానికి నవ్వుతున్నాను. అదే చోట దొరికిన పేతురు ప్రకటనలోనూ నవ్వే రక్షకుడే.

తొలి సంఘం సహించలేకపోయింది ఆ నవ్వునేనని నా నమ్మకం. దారినపోయే మనిషి ఒంట్లో మేకులు దిగుతుంటే పైనుంచి నవ్వే దేవుణ్ణి ప్రేమ అని ఎలా పిలవాలి?

పాతప్రతి

నవ్వే క్రీస్తును చూపించి మొత్తం జ్ఞానవాదాన్ని తీసిపారేయడం అన్యాయం. అదే నాగ్ హమ్మాదిలో ‘సత్య సువార్త’ ఉంది. అందులో యేసు ఓర్పుతో శ్రమలు అంగీకరించాడు, మాను మీద మేకులతో కొట్టబడ్డాడు. ‘మెల్కీసెదెకు’ అనే గ్రంథం ఇంకా ముందుకెళ్లి, ఆయన తిన్నా తినలేదని చెప్పేవాళ్లు, శరీరంతో వచ్చినా శరీరం లేదనేవాళ్లు, శ్రమపడినా పడలేదనేవాళ్లు వస్తారని ముందే హెచ్చరిస్తుంది. ఇగ్నేషియస్ సంతకం పెట్టగలిగిన మాటలు ఇవి! వాలెంటినస్ శిష్యుల్లోనే యేసు శరీరం ఎలాంటిదన్న విషయంలో తూర్పు శాఖ, ఇటలీ శాఖ అని చీలిక వచ్చింది. వీళ్లందరినీ ఒకే గాటన కట్టింది మీ వాదులే.

అవతలి ఒడ్డు కూడా చూడండి. యేసు తిన్నది లోపల చెడిపోయేది కాదు, విసర్జన కూడా ఉండేది కాదు అని వాలెంటినస్ ఒక ఉత్తరంలో రాశాడు. దాన్ని మనకు భద్రపరిచింది క్లెమెంట్. ఆ క్లెమెంట్, సంఘం తనవాడని గౌరవించిన పెద్ద, ఏమంటాడు? యేసు శరీరాన్ని పవిత్ర శక్తే నిలబెట్టింది, ఆయనకు తిండి అవసరమే లేదు, చుట్టూ ఉన్నవాళ్లు వేరేగా అనుకోకూడదని తిన్నాడంతే అంటాడు. ఈ రెండిటికీ మధ్య గోడ ఎక్కడుంది? ఒకడు దుర్బోధకుడు, ఇంకొకడు సంఘ పితరుడు. తేడా సిద్ధాంతంలో ఉందా, ఎవరి జాబితాలో పేరుందన్నదానిలో ఉందా?

పురిటిగది

ఇరవై ఏళ్లకు పైగా కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మీలాగా అన్నీ చదవలేదు గానీ తెర్తుల్లియన్ ‘క్రీస్తు శరీరం’ గురించి రాసింది చదివాను. ఇంతవరకు ఎవరూ ఆయన్ను ముట్టుకోలేదు, అందుకే రాస్తున్నాను.

గొట్టంలోంచి నీళ్లు పోయినట్టు క్రీస్తు మరియలోంచి వచ్చాడు, ఆమె నుంచి ఏమీ తీసుకోలేదు అని వాలెంటినస్ వాళ్ల బోధ. సంఘం నుంచి విడిపోయి వేరే సంఘం పెట్టుకున్న మార్సియన్ అయితే పుట్టుకే వద్దన్నాడు, అది దేవుడికి తగదన్నాడు. దానికి తెర్తుల్లియన్ ఏం చేశాడంటే, మొత్తం వర్ణించాడు. గర్భంలో నీరు, రక్తం, నెలనెలా బరువెక్కే పొట్ట, నిద్రలో కూడా కుదురు లేకపోవడం, మావితో సహా బయటపడే బిడ్డ, కడగడం, గుడ్డల్లో చుట్టడం. చదువుతుంటే నా డ్యూటీ కళ్ల ముందుకొచ్చింది. తర్వాత మార్సియన్‌ను నిలదీస్తాడు: గౌరవించాల్సిన ఈ ప్రకృతి మీద ఉమ్మేస్తున్నావే, నువ్వెలా పుట్టావు? మనిషి పుట్టుకనే అసహ్యించుకుంటే మనిషిని ఎలా ప్రేమిస్తావు? క్రీస్తు మాత్రం ఆ మురికిలో పుట్టే మనిషినే ప్రేమించాడు, అతని కోసమే దిగాడు.

ఈ పెద్దమనిషే ఇంకోచోట ఆడవాళ్లను సాతాను ప్రవేశించే ద్వారం అన్నాడు. అది నేను మర్చిపోలేదు, క్షమించలేదు. కానీ కాన్పు రక్తం దేవుడికి అంటరానిది కాదు అన్న వాదన మాత్రం ఆ రోజుల్లో మరొకరెవరూ ఇంత బాహాటంగా చేసినట్టు నాకు కనబడలేదు. పాతప్రతి గారూ, అధికారం కోసమే అయితే ఇదంతా రాయక్కర్లేదు కదండీ? మా వరస అపొస్తలులది అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు.

గోదావరిగట్టు

సిస్టర్, మీ మాటకు వందనాలు. సిలువనీడ గారూ, క్లెమెంట్ సంగతికి మీ జవాబు కోసం చూస్తున్నాను.

సిలువనీడ

క్లెమెంట్ మాట తప్పే. ఇరేనియస్ ముందు పెడితే ఆయన కూడా ఒప్పుకునేవాడు కాదు. ఆకలేసింది, అలసిపోయాడు, ఏడ్చాడు, చెమట రక్తపు బొట్లయింది, మరియ నుంచి ఏమీ తీసుకోకపోతే ఇవన్నీ ఎక్కడివి అని అడిగినవాడు ఆయన. గోడ మొదట్నుంచీ నిటారుగా కట్టి లేదు, అది నిజం. సుమారు 190 తర్వాత అంతియొకయ బిషప్పు సెరాపియోన్, రోస్సు అనే ఊరివాళ్లు బైబిల్లో లేని పేతురు సువార్త చదువుతామంటే తను చూడకుండానే సరే అన్నాడు. తర్వాత తెప్పించుకుని చదివి, చాలావరకు బాగానే ఉంది, కొన్ని చేర్పులున్నాయి అని అవేవో రాసి పంపాడు. పుస్తకం చదివి, ఫలానా చోట తేడా ఉందని చెప్పడం నోరు మూయించడం కాదు.

ఇరేనియస్ ఎక్కడ నిలబడి రాశాడో కూడా చెప్పాలి. 177లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో క్రైస్తవుల మీద హింస జరిగింది. తొంభై దాటిన బిషప్పు పోతినస్ దెబ్బలకు చెరలో చనిపోయాడు. బ్లాందీనా అనే బానిసపిల్లను కొయ్యకు వేలాడదీశారు, చివరికి వలలో చుట్టి ఎద్దుకు వేశారు. శవాలను ఆరు రోజులు ఎండకు వదిలి, కాల్చి, బూడిదను రోన్ నదిలో ఊడ్చేశారు, వీళ్లకు పునరుత్థానం మీద ఆశ లేకుండా పోవాలని. సంఘం ఉత్తరంతో రోమాకు వెళ్లి తిరిగొచ్చి ఆ పోతినస్ పీఠంలో కూర్చున్నవాడు ఇరేనియస్. ఆయన అయిదో సంపుటం దాదాపు సగం ఒకే మాట మీద నడుస్తుంది: ఈ శరీరమే లేస్తుంది. ఆ బూడిద ఎవరిదో పేరుపేరునా తెలిసినవాడు రాసిన పుస్తకం అది.

పాతప్రతి

మనసు కదిలించే విషయమే. కానీ హతసాక్షుల రక్తాన్ని రుజువుగా తేవద్దు. మార్సియన్ క్రీస్తుకు పుట్టుక లేదు, మన శరీరం లేదు. అయినా ఆ మార్సియన్ సంఘపు పెద్ద మెట్రోదోరస్ స్ముర్నలో అగ్నికి ఆహుతయ్యాడని రాసింది తొలి సంఘ చరిత్ర రాసిన యూసేబియస్, అంటే మీవాడే. తమకూ చాలామంది హతసాక్షులున్నారని మార్సియన్ వాళ్లు చెప్పుకునేవాళ్లని కూడా ఆయనే రాశాడు. శరీరం లేని క్రీస్తును నమ్మినవాడు నిజమైన మంటల్లోకే నడిచాడు. మరి మీ వాదన ఎటు పోయింది?

సిలువనీడ

ఎటూ పోలేదండీ. వాళ్లు పిరికివాళ్లని ఇరేనియస్ వాదనైతే మెట్రోదోరస్ దాన్ని కూల్చేసేవాడే. మూడో సంపుటంలో ఆయన వాదన అది కాదు. నీ సిలువ ఎత్తుకో, రెండో చెంప చూపించు అని శిష్యులకు చెప్పిన గురువు, తన వంతు వచ్చేసరికి పైకి ఎగిరిపోతే మోసం చేసినట్టే కదా అంటాడు. ఆ వెంటనే, అలాగైతే మనం గురువుకంటే గొప్పవాళ్లం అవుతాం, ఆయన భరించనిది మనం భరిస్తున్నాం కాబట్టి అంటాడు. మెట్రోదోరస్ సరిగ్గా అక్కడే ఉన్నాడు. ఆయన ధైర్యానికి నేను తల వంచుతాను. కానీ ఆయన నమ్మిన ప్రకారమే చూసినా, ఆ మంట వేడి ఆయనకు తెలిసింది, ఆయన ప్రభువుకు తెలియలేదు.