కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) ఫైలు: ఏజెంటుకి ఇవ్వాలా, సొంతంగా వేసుకోవాలా?

కృష్ణాతీరం:
స్కోరు చూసి పీఆర్‌కి పిలిచే పద్ధతైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ఏజెంటు అక్కర్లేదని నేనంటాను. ప్రొఫైల్ పెట్టడానికి ఫీజే లేదు. 2024 ఏప్రిల్ సవరణ ప్రకారం ఒక్కరికి ప్రాసెసింగ్ 950, పీఆర్ హక్కు ఫీజు 575, బయోమెట్రిక్స్ 85 కెనడా డాలర్లు. ఆపైన లక్షలు తీసుకునే ఏజెంటు ఎక్కువగా చేసేది మనమిచ్చిన వివరాలు టైపు చేయడమే. స్కోరు పెంచడం అతని చేతిలో లేదు. జాబ్ ఆఫర్ ఇప్పిస్తే పాయింట్లు కలుస్తాయని ఇంకా అమ్ముతున్నారు, ఆ పాయింట్లను 2025 మార్చి 25నే తీసేశారు.

స్కోరు పెరిగేది ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో. పెళ్లికాని వ్యక్తి, బీటెక్, ఇక్కడ మూడేళ్లకు పైగా ఉద్యోగం అనుకోండి. జనరల్ పరీక్షలో లిజనింగ్ 8, మిగతా మూడూ 7 వస్తే కెనడా భాషా కొలమానం సీఎల్‌బీలో 9వ స్థాయి. రైటింగ్ ఒక్కటి 6.5 దగ్గర ఆగిందా, ఆ విభాగంలో 8, అనుభవం కింద 25, చదువు కింద 12, మొత్తం 45 పాయింట్లు పోతాయి. ఏజెంటుకిచ్చే డబ్బు పెట్టి పరీక్ష మళ్లీ రాయడం మేలు.

ఓరుగల్లు_కోట:
ఫారాలు తేలికేనండీ, కాదనను. ఫైళ్లు దెబ్బతినేది అనుభవ పత్రం దగ్గర. మన కంపెనీలు చాలావరకు హోదా, తేదీలు రాసిన రిలీవింగ్ లెటర్ ఇచ్చి ఊరుకుంటాయి. కెనడా వాళ్లకు లెటర్‌హెడ్ మీద చేసిన పనులు, వారానికి ఎన్ని గంటలు, జీతం, ఇతర సౌకర్యాలు, తేదీలు, సంతకం అన్నీ ఉండాలి. పీఆర్‌కి దరఖాస్తు చేసుకోమని ఇన్విటేషన్ వచ్చాక 60 రోజులే గడువు. హెచ్‌ఆర్ ఇవ్వనంటే ఏం పెట్టాలో తెలిసినవాళ్లు పక్కనుండాలి. అందుకే కన్సల్టెంట్ కావాలంటున్నాను.

కృష్ణాతీరం:
ఆ పత్రం తెచ్చుకోవాల్సింది ఎలాగూ అభ్యర్థే కదండీ. హెచ్‌ఆర్ ఇవ్వకపోతే మేనేజర్ సంతకంతో పనుల వివరణ, దానికి తోడు ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, ఫారం 16, కంపెనీ ఎందుకివ్వలేదో చెప్పే ఉత్తరం జతచేయాలి. ఈ పని ఇన్విటేషన్ కోసం ఆగకుండా ప్రొఫైల్ పెట్టకముందే మొదలుపెట్టాలి. ఏజెంట్లు ఇచ్చే నమూనాలే అసలు ముప్పు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల ఉద్యోగ కోడ్ 21231 కింద కెనడా ప్రభుత్వం రాసిన పనుల జాబితాను అక్షరం పొల్లుపోకుండా దింపుతారు. ఆ వాక్యాలు చూడగానే ఆఫీసరుకు అనుమానం వస్తుంది.

తుంగభద్ర:
ఇద్దరూ లైసెన్స్ మాటే ఎత్తలేదు. డబ్బు తీసుకుని ఈ ఫైలు నడిపే హక్కు చట్టప్రకారం మూడు రకాలవాళ్లకే ఉంది: కెనడా ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకు లైసెన్సులిచ్చే సంస్థైన 'కాలేజీ'లో సభ్యులు, అక్కడి ప్రావిన్సుల లాయర్లు (పారాలీగల్స్‌తో సహా), క్యూబెక్ నోటరీలు. కాలేజీ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. అమీర్‌పేటలో బోర్డు పెట్టుకున్నంత మాత్రాన సరిపోదు. ప్రతినిధి ఉంటే ఐఎంఎం 5476 ఫారం ఇవ్వాలి. "ఆ ఫారం వద్దు, మీరే వేసినట్టు పెడదాం" అన్నవాణ్ని నమ్మకండి.

ఖాతా మీ ఈమెయిల్‌తోనే తెరవండి. ఏజెంటు తన మెయిల్‌తో తెరిస్తే లోపల ఏం రాశాడో మీకు కనపడదు. అబద్ధం తేలితే ఐదేళ్ల నిషేధం పడేది మీ మీద.

పాత వీసా తిరస్కరణ దాచి ఉన్నా, కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తున్నా, విడాకుల తర్వాత బిడ్డను వెంట తీసుకెళ్లాలన్నా మాత్రం సొంత ప్రయత్నం వద్దు. లైసెన్సున్న లాయర్‌కే ఇవ్వండి.

పచ్చని_పొలం:
పొలం అమ్మి తండ్రి ఇచ్చిన డబ్బును, అక్కడ స్థిరపడటానికి చూపాల్సిన నిధుల కింద చూపొచ్చా?

ఓరుగల్లు_కోట:
చూపొచ్చు. సేల్ డీడ్, గిఫ్ట్ డీడ్, డబ్బు బదిలీ అయిన స్టేట్‌మెంట్ మూడూ కలపండి. బ్యాంకు లెటర్‌లో ఖాతా తెరిచిన తేదీ, ప్రస్తుత నిల్వ, ఆరు నెలల సగటు, అప్పులు ఉండాలి కాబట్టి డబ్బు ముందే వేసి ఉంచండి. 2025 జులై లెక్కలో ఒక్కరికి చూపాల్సింది 15,263 కెనడా డాలర్లు. భార్యాపిల్లలు వెంట రాకపోయినా లెక్కలో ఉంటారు. పొలం, ప్లాటు అమ్మకుండా కాగితాలు చూపితే చెల్లదు. నెలరోజులకు వడ్డీకి తెచ్చి ఖాతాలో వేయించే ఏజెంట్లున్నారు. అప్పు డబ్బు నిబంధనకే విరుద్ధం, అది అస్సలు చేయకండి.

తుంగభద్ర:
గల్ఫ్‌లో పనిచేసినవాళ్లకు ఒక మాట. గత పదేళ్లలో వరుసగా ఆరు నెలలు, అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు సర్టిఫికెట్ కావాలి. మన దేశానిది పాస్‌పోర్ట్ ఆఫీసులో దొరుకుతుంది. కువైట్, సౌదీలవి ఇంటికొచ్చేశాక తెప్పించడం కష్టం, ఆ 60 రోజుల్లో అయితే మరీను. అక్కణ్నుంచి బయల్దేరే ముందే తెప్పించుకునే దారి చూసుకోండి. అరబీలో ఉంటే అనువాదం జతచేయాలి. వైద్యపరీక్ష కూడా 2025 ఆగస్టు 21 నుంచి ఫైలు వేయకముందే చేయించాలి, అదీ వాళ్లు గుర్తించిన డాక్టరు దగ్గరే.