సంజీవరెడ్డి గారి సంతకమున్న ఉత్తరం: అమ్మాలా, ఉంచుకోవాలా?

టవర్‌క్లాక్_అనంత:
1977లో నీలం సంజీవరెడ్డి గారు ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయినప్పుడు మా నాయన అభినందిస్తూ ఉత్తరం రాశాడు. రాష్ట్రపతి భవన్ నుంచి జవాబొచ్చింది. ఇంగ్లీషులో నాలుగు లైన్ల టైపు, కింద సంతకం. నాయన పోయాక బీరువాలో దొరికింది. సంతకాలు సేకరించే బెంగళూరాయన ఒకరు కొంటానంటున్నాడు. తమ్ముడు అమ్మేద్దామంటాడు, నాకు మనసొప్పడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గండికోట_కుర్రోడు:
అమ్మొద్దన్నా.

బురుజు_కర్నూలు:
అమ్మడం, ఉంచుకోవడం తర్వాత. అది ఆయన చేత్తో పెట్టిన సంతకమేనా? అభినందనలు కుప్పలుగా వస్తాయి, అన్నిటికీ రాష్ట్రపతే కూర్చుని సంతకం చేస్తారని అనుకోకండి. అమెరికాలో 1833లో, అధ్యక్షుడు జాక్సన్ కాలంలో, భూమి పట్టాల మీద అధ్యక్షుడి పేరు రాయడానికి ఒక కార్యదర్శిని పెట్టుకోవచ్చని చట్టమే చేశారు. ఆ తర్వాత పట్టా మీద లింకన్ పేరున్నా అది లింకన్ చేతిరాత కాదు. కెనడీ నాటికి పెన్ను పట్టుకుని సంతకం చేసే మిషన్, ఆటోపెన్, వైట్‌హౌస్‌లో పని చేస్తోంది. మీ ఉత్తరాన్ని భూతద్దం కింద పెట్టండి. ఒత్తిడి మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే అనుమానించాలి. ఇంకో సంతకం దొరికితే రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురులో చూడండి. అచ్చంగా కలిసిపోతే అది మిషనో రబ్బరు స్టాంపో. మనిషి రెండుసార్లు ఒకేలా సంతకం చేయలేడు.

పెన్న_ఒడ్డు:
ఆయన అడిగింది అనంతపురం ఉత్తరం గురించి. జాక్సన్ ఎందుకొచ్చాడు సార్ మధ్యలో? సంజీవరెడ్డి గారు ఇల్లూరు మనిషి. 1977లో మన రాష్ట్రంలో 42 సీట్లకు 41 కాంగ్రెస్‌కు పోతే, జనతాకు దక్కిన ఒక్కటీ ఆయన గెలిచిన నంద్యాల. అలాంటాయన సొంత జిల్లావాళ్లకు స్టాంపు గుద్ది పంపుతాడా?

బురుజు_కర్నూలు:
నంద్యాలకూ సిరాకూ సంబంధమేంటి? నేనడిగింది సంతకం ఎవరు పెట్టారని.

శెనక్కాయల_సీను:
నా దగ్గర కలాం గారి సంతకం ఉంది, స్కూలు నోట్‌బుక్కులో. ఎంతొస్తుంది?

చట్టం_తెలుసు:
పాత కాగితాలు అమ్మడం నేరం. 1972 పురావస్తువుల చట్టం చూడండి.

బురుజు_కర్నూలు:
చట్టం మీరే ఒకసారి చదవండి. రాతప్రతులకు 75 ఏళ్లు నిండాలి. 1977 ఉత్తరానికి 2052లో నిండుతాయి.

పెన్న_ఒడ్డు:
లెక్కలు బాగా చెప్తారు. ఒక మాట చెప్తా, వినండి. మా పెదనాయనకూ సంజీవరెడ్డి గారు రాసిన ఉత్తరం ఉండేది. ఎగ్జిబిషన్‌లో పెడతాం, వారంలో తెచ్చిస్తామని తీసుకెళ్లారు కొందరు. తిరిగొచ్చింది జిరాక్సు. అడిగితే మీరిచ్చిందే ఇది అన్నారు. పెదనాయన చనిపోయేదాకా ఆ మాటే తల్చుకున్నాడు. ఇట్లా సంతకం అసలా నకలా అని ఇల్లిల్లూ తిరిగి అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గండికోట_కుర్రోడు:
అయ్యో.

బురుజు_కర్నూలు:
దానికి నేను బాధ్యుడినా? చేతిరాత అని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్తా. జార్జి వాషింగ్టన్ సొంత ప్రతి ఒకటి, అమెరికా రాజ్యాంగం అచ్చు వేసిన పుస్తకం, 2012లో దాదాపు 98 లక్షల డాలర్లకు పోయింది. అందులో ఆయన సంతకంతో పాటు, అధ్యక్షుడు చేయాల్సిన పనులున్న చోట మార్జిన్‌లో ఆయనే పెన్సిల్‌తో రాసుకున్న మాటలున్నాయి. చదువుతూ ఆలోచించిన మనిషి కనపడతాడు అక్కడ. 1975 జూన్ 25 రాత్రి అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ కాగితం మీద పెట్టిన సంతకం చూడండి, ఒక్క గీతతో దేశం మారిపోయింది. జనం ఉత్తరాలు ఆపి చూసే అధికారం ప్రభుత్వానికిచ్చే 1986 పోస్టాఫీసు బిల్లు మీద రాష్ట్రపతి జైల్‌సింగ్ పెట్టని సంతకానికీ కథ ఉంది. కార్యదర్శి పెట్టిన దానికి ఏం కథ ఉంటుంది?

టవర్‌క్లాక్_అనంత:
మా నాయన దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పండక్కి ఇంటికొచ్చినవాళ్లకు చూపించేవాడు. అదీ కథే కదా సార్.

పెన్న_ఒడ్డు:
అట్లా అడగండి. బురుజు గారూ, మీ దగ్గర సంజీవరెడ్డి గారి ఉత్తరాలున్నాయని పోయినేడాది ఇక్కడే గొప్పగా రాశారు. ఎవరిచ్చారు?

బురుజు_కర్నూలు:
కొన్నాను. గుజరీ అంగట్లో. దొంగతనం కాదు.

పెన్న_ఒడ్డు:
కిలో లెక్కనా?

బురుజు_కర్నూలు:
అవును, కిలో లెక్కనే! ఆ ఇంటివాళ్లే పాత పేపర్లతో కలిపి అమ్మారు. నేను ఏరకపోతే శెనక్కాయల పొట్లాలయ్యేవి. కట్టుకున్న ఇల్లు చూసుకుంటారు, బీరువాలో కాగితం చూడరు. ఇప్పుడు నన్ను దొంగను చేస్తారా?

శెనక్కాయల_సీను:
నన్ను మధ్యలోకి లాగొద్దు సామీ.

పెన్న_ఒడ్డు:
దొంగ అనలేదు. ఆ ఉత్తరాల మీద ఎవరికి రాశాడో పేరుంటుంది. ఆ ఇంటికి ఒక్కసారైనా ఫోన్ చేశారా? సంతకం ఎవరు పెట్టారో భూతద్దంతో వెతికారు గానీ, పైన ‘ప్రియమైన’ తర్వాత ఎవరున్నారో చూడలేదు. మీకూ నాకూ తేడా అక్కడే. మీకది రాసినాయనది. నాకు అందుకున్నాయనది.

బురుజు_కర్నూలు:
అందుకున్నాయన పిల్లలు అమ్ముకుంటే? వాళ్లను అడగరెందుకు? ఎండకూ వానకూ కాపాడింది నేను. నాకు హక్కు లేదా?

చట్టం_తెలుసు:
హక్కు కొన్నవాడిదే. బిల్లు ఉండాలి.

పెన్న_ఒడ్డు:
గుజరీ అంగట్లో బిల్లు! బాగుంది.

టవర్‌క్లాక్_అనంత:
ఇందాక తమ్ముడు వచ్చి ఇదంతా చదివాడు. భూతద్దం వద్దు, సంతకం నకిలీ అని తేలితే బెంగళూరాయన కొనడు అంటున్నాడు. బురుజు సార్, పోల్చి చూసుకోవడానికి మీ దగ్గరున్న వాటి ఫొటో ఒకటి పెట్టగలరా?

పెన్న_ఒడ్డు:
పెట్టండి సార్. పైన పేరు కూడా కనపడేట్టు.