చర్చ: హెచ్‌డీ ఛానళ్లకే ప్రాధాన్యమిచ్చిన వూమ్ టీవీని 2005లో మూసివేయడం తొందరపాటా?

పెన్నా తీరం (నెల్లూరు):

సభ్యులందరికీ నమస్కారం. హెచ్‌డీ ఛానళ్లకే ప్రాధాన్యమిచ్చే డీటీహెచ్ సంస్థ మన దేశంలో ఎందుకు రాలేదని ఈ వేదికలో ఒక సభ్యుడు అడిగినప్పుడు, అమెరికాలో అటువంటి ప్రయత్నం ఒకటి జరిగి విఫలమైందని ఒక్క మాటలో చెప్పి ఊరుకున్నాము. విఫలమైందని తేల్చేయడం నాకు సమ్మతం కాదు కనుక ఈ చర్చను ప్రారంభిస్తున్నాను.

విషయం తెలియని వారి కోసం క్లుప్తంగా చెబుతాను. న్యూయార్క్ ప్రాంతంలో కేబుల్‌విజన్ అనే పెద్ద కేబుల్ సంస్థను స్థాపించిన చార్లెస్ డోలన్, అంతకుముందే హెచ్‌బీఓను మొదలుపెట్టిన వ్యక్తి. ఆయన సంస్థ రెయిన్‌బో-1 అనే సొంత ఉపగ్రహాన్ని 2003 జూలై 17న అట్లాస్-5 రాకెట్‌తో పంపించి, అదే ఏడాది అక్టోబరులో వూమ్ పేరిట డీటీహెచ్ సేవను ప్రారంభించింది. ఇతర సంస్థలు కొద్దిపాటి హెచ్‌డీ ఛానళ్లతో సరిపెట్టుకుంటున్న రోజుల్లో వూమ్ తానే తయారు చేసిన 20కి పైగా హెచ్‌డీ ఛానళ్లను ఇచ్చింది. 2005 జనవరిలో ఉపగ్రహాన్ని పోటీ డీటీహెచ్ సంస్థ ఎకోస్టార్‌కు 20 కోట్ల డాలర్లకు అమ్మడానికి ఒప్పందం కుదిరింది; ఏప్రిల్ 30న సేవ ఆగిపోయింది. అంటే ఏడాదిన్నర మాత్రమే నడిచింది.

నా వాదన ఇది. హెచ్‌డీ టీవీలు వేల డాలర్లు పలుకుతున్న కాలంలో చందాదారులు తక్కువగా ఉండడం సహజం. 2009 జూన్ 12న అమెరికాలో పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలన్నీ నిలిచిపోయాయి. జనం డిజిటల్‌కు మారక తప్పని ఆ తేదీకి ముందు నాలుగేళ్లు ఓపిక పట్టలేకపోవడాన్ని తొందరపాటు అనక ఏమనాలి?

ఒంగోలు లెక్కలు (ఒంగోలు):

పెన్నా తీరం గారూ, ఓపిక పట్టమనడం తేలికే కానీ, ఆ ఓపికకు నెలనెలా ఎంత ఖర్చయ్యేదో కూడా చూడాలి. 2004 సెప్టెంబరు చివరికి వూమ్ చందాదారులు సుమారు 26,000 మంది. ఆ ఏడాది మొత్తానికి నష్టం 66 కోట్ల డాలర్లు. ఒక్కొక్క చందాదారుకు 25,000 డాలర్ల చొప్పున నష్టమన్నమాట. అందులో ఉపగ్రహం వంటి ఆస్తుల విలువను తగ్గించి రాసిన మొత్తం పెద్ద భాగమే ఉంది కాబట్టి అదంతా చేతి నుంచి పోయిన నగదు కాదు. ఆ సంగతి ఒప్పుకోవాలి. అయినా ఆస్తుల విలువను అంతగా తగ్గించి రాయవలసి వచ్చిందంటే, ఆ ఆస్తి ఇక తన ఖర్చును సంపాదించుకోలేదని సంస్థే పుస్తకాల్లో ఒప్పుకున్నట్లు.

ఉపగ్రహ వ్యాపారానికి ఉన్న అసలు చిక్కు ఇక్కడే ఉంది. కేబుల్ సంస్థ అయితే ఒక వీధికి వైరు వేసి, అక్కడ చందాలు వచ్చాక పక్క వీధికి వెళ్లవచ్చు. ఉపగ్రహానికి ఆ వెసులుబాటు లేదు. చూసేవారు 26,000 మంది ఉన్నా 26 లక్షల మంది ఉన్నా దాని తయారీ, ప్రయోగం, బీమా, భూకేంద్రం ఖర్చు మారదు, దాని ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది. పైగా బొమ్మను కుదించి పంపే అప్పటి ఎంపెగ్-2 పద్ధతిలో ఒక్క హెచ్‌డీ ఛానల్‌కు నాలుగైదు మామూలు ఛానళ్ల చోటు పడుతుంది. అంటే ఎక్కువ ఖర్చయ్యే సరుకును తక్కువ మందికి అమ్మాలి. పోటీగా ఉన్న డైరెక్‌టీవీ, ఎకోస్టార్‌లకు ఒక్కొక్కదానికి కోటి పైచిలుకు ఇళ్లు ఉన్నాయి. హెచ్‌డీ ఛానళ్లు పెంచదలచుకుంటే ఆ అదనపు ఖర్చును అన్ని ఇళ్ల మీదా పరుచుకోగలవు. వూమ్ ఆ పని ఎప్పటికీ చేయలేదు. అందుకే 2009 దాకా ఆగితే గెలిచేదన్న మాటను నేను నమ్మను. 2009 నాటికి ఆ పెద్ద సంస్థల దగ్గర కూడా హెచ్‌డీ ఛానళ్లు దండిగా ఉన్నాయి.

కావలి డిష్ పని (కావలి):

నేను డిష్‌లు బిగించే పని చేస్తాను. డాలర్ల లెక్కలు ఒంగోలు వారికి వదిలేసి, మేడ మీద కనిపించే సంగతులు చెబుతాను.

రెయిన్‌బో-1 అప్పట్లో ఉన్నది పశ్చిమ రేఖాంశం 61.5 డిగ్రీల వద్ద, అంటే అమెరికాకు తూర్పు వైపున. తూర్పు తీరంలో ఫరవాలేదు గానీ, పశ్చిమ తీరంలో డిష్‌ను బాగా కిందికి, దిగంతం వైపు వంచాలి; ఎదురుగా ఒక చెట్టో పక్క ఇంటి కప్పో అడ్డం వస్తే సిగ్నల్ అందదు. మనకు ఆ బాధ లేదు. మన డీటీహెచ్ ఉపగ్రహాలు తూర్పు రేఖాంశం 83 డిగ్రీలది గానీ 93.5 డిగ్రీలది గానీ నెల్లూరు వారికి దాదాపు నెత్తి మీద ఉన్నట్లే లెక్క. దానికి తోడు, స్థానిక స్టేషన్ల హెచ్‌డీ ప్రసారాల కోసం వూమ్ వారు డిష్‌తో పాటు మామూలు యాంటెన్నాను కూడా బిగించేవారట. ఒక్క ఇంటికి రెండు పనులు, రెండు సర్దుబాట్లు. అలా బిగించిన ఇల్లు ఆరు నెలలకే చందా ఆపేస్తే సంస్థకు మిగిలేది ఏమిటో, ఈ పనిలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు.

మన దగ్గర హెచ్‌డీ చందా ఎలా నడుస్తుందో కూడా వినండి. క్రికెట్ వచ్చినప్పుడు హెచ్‌డీ ప్యాక్ వేయించుకుంటారు, అది అయిపోగానే మామూలు ప్యాక్‌కు మారిపోతారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన రెండు జిల్లాల్లో వాయుగుండాల కాలం. మబ్బు కమ్మి వాన గట్టిగా పడితే డిష్ సిగ్నల్ మీటరు సగానికి పడిపోతుంది, బొమ్మ గడులు గడులుగా విడిపోయి ఆగిపోతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి స్టాండు నట్లు తుప్పు పడతాయి. డిష్ ఒక్క వేలెడు జరిగినా హెచ్‌డీ ఛానళ్లే ముందు పోతాయి. నేను రేకు తొడుగు వేసి, కనెక్టరుకు టేపు చుట్టి, మీటరు చూసి మళ్లీ బిగించి వస్తాను. అప్పుడు ఇంటి పెద్దాయన అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇదే ఛానల్ మామూలుగా వస్తుంటే దీనికి అదనంగా ఎందుకు కట్టాలి నాయనా?" 32 అంగుళాల టీవీని పది అడుగుల దూరం నుంచి చూసే ఇంట్లో ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండదు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల్లోనూ 130 రూపాయల నెట్‌వర్కు రుసుముకు వచ్చే 100 ఛానళ్లలో ఒక్క హెచ్‌డీ ఛానల్‌ను రెండుగా లెక్కించారు. ఉపగ్రహంలో చోటు ఎక్కువ పడుతుంది కనుక అది న్యాయమే కావచ్చు. కట్టేవారికి మాత్రం అది భారమే.

బొమ్మ నాణ్యతను ప్రాణంగా చూసుకునే వారు ఉన్నారు. వారి ఇంట్లో పని చేయడం నాకూ సంతోషమే. కానీ ఊరికి ఎంతమంది ఉంటారు?

పెన్నా తీరం (నెల్లూరు):

కావలి వారి మాటల్లో అనుభవం ఉంది, కాదనను. కానీ ఇద్దరూ ఒక సంగతిని వదిలేశారు. సేవ ఆగిపోయిన తర్వాత వూమ్ ఛానళ్లు చనిపోలేదు. ఎకోస్టార్ వారి డిష్ నెట్‌వర్క్ వాటిని 15 ఏళ్ల ఒప్పందం మీద తీసుకుంది. ఛానళ్ల మీద వూమ్ వారు ఏటా 10 కోట్ల డాలర్లు ఖర్చు చేయాలన్నది అందులోని షరతు. అంత ఖర్చు చేయలేదన్న ఆరోపణతో 2008లో డిష్ వాటిని తొలగించింది. కోర్టుకెక్కిన ఆ వ్యాజ్యం 2012 అక్టోబరులో 70 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. విలువ లేని సరుకు మీద అంత పెద్ద మొత్తానికి రాజీ ఎవరైనా చేసుకుంటారా?

ఒంగోలు లెక్కలు (ఒంగోలు):

అది నా వాదనకే బలం, పెన్నా తీరం గారూ. విలువ ఉన్నది ఛానళ్లకు. ఆ విలువ బయటపడింది కూడా కోటి ఇళ్లకు చేరగల సంస్థ చేతికి అవి వెళ్లాకే. 26,000 ఇళ్ల కోసం సొంత ఉపగ్రహం, సొంత బాక్సులు, సొంత బిగింపు సిబ్బంది, సొంత ప్రకటనలు పెట్టుకోవడంలోనే డబ్బు కరిగిపోయింది.

ఇంకొక మాట. ఈ మూసివేతను పట్టుదల లేని నిర్ణయంగా చూడడం సరి కాదు. సంస్థను నడుపుతున్న కొడుకు జేమ్స్ మూసేద్దామన్నారు, తండ్రి చార్లెస్ వద్దన్నారు. 2005 మార్చిలో తండ్రి తనకున్న ఓటు హక్కుతో బోర్డు సభ్యులను కొందరిని మార్చి, తన మనుషులను కూర్చోబెట్టుకున్నారు. విడిగా కొనుక్కుని సొంతంగా నడుపుతానని బేరం కూడా సాగించారు. డబ్బు, అధికారం, మమకారం మూడూ ఉన్న ఆ పెద్దమనిషి కూడా చివరికి ఏప్రిల్ 30 తర్వాత సేవను కొనసాగించలేకపోయారు. అంతకన్నా ఓపిక పట్టేవారు ఎవరుంటారు?

ఉదయగిరి పాఠకురాలు (ఉదయగిరి):

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను గానీ, ఒక పోలిక చెప్పాలనిపించింది. వూమ్ అమ్మకానికి సిద్ధమవుతున్న రోజుల్లోనే, 2004 డిసెంబరులో, దూరదర్శన్ మన దేశంలో ఉచిత డీటీహెచ్‌ను ప్రారంభించింది. అప్పట్లో డీడీ డైరెక్ట్ ప్లస్ అనేవారు, ఇప్పుడు ఫ్రీ డిష్ అంటున్నాము. మా మెట్ట పల్లెల్లో కేబుల్ వైరు రాని ఇళ్ల మీద ఈ రోజుకీ కనిపించేది ఆ డిష్షే. కావలి అన్నగారికి ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు.

ఉపగ్రహం ఖర్చు అక్కడా ఉంది, తగ్గదు కూడా. కానీ అక్కడ చూసేవారు కట్టరు. ఆ వేదికలో చోటు కోసం ప్రైవేటు ఛానళ్లే వేలంలో పాడుకుని దూరదర్శన్‌కు డబ్బు చెల్లిస్తాయి. కోట్ల ఇళ్లు ఉన్నాయి కనుక చెల్లిస్తాయి. వూమ్ హెచ్‌డీ ఛానళ్లలో ఎక్కువ భాగం తన సొంతవే కాబట్టి అక్కడ తయారీ ఖర్చూ తనదే, ప్రసారం ఖర్చూ తనదే. రెండింటినీ కొద్దిమంది చందాదారులే మోయవలసి వచ్చింది. అందువల్ల పెన్నా తీరం గారిని ఒకటి అడుగుతున్నాను. మీరు కోరుతున్న హెచ్‌డీ సంస్థ మన దగ్గర వస్తే, చూసేవారు కాక దానికి డబ్బు కట్టేది ఎవరు?

పెన్నా తీరం (నెల్లూరు):

న్యాయమైన ప్రశ్న, అమ్మా. చందాదారులు మాత్రమే మోస్తే అది నిలవదని అంగీకరిస్తాను. నేను కోరేది సొంత ఉపగ్రహం ఉన్న సంస్థను కాదు. 2022 జూన్‌లో వెళ్లిన జీశాట్-24ను ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఐఎల్ సమకూర్చుకుని, దాని సామర్థ్యాన్ని మొత్తం టాటా ప్లేకు అద్దెకు ఇచ్చింది. అంటే ఉపగ్రహం ఒకరిది, సేవ మరొకరిది కావచ్చునని తేలింది. డోలన్ ఉపగ్రహాన్ని కొనకుండా, ఆ 20 ఛానళ్లనే 2003లో మొదటి రోజు నుంచి కోటి ఇళ్లున్న వేదికకు ఇచ్చి ఉంటే అవి నిలిచేవని నా నమ్మకం.

ఒంగోలు లెక్కలు (ఒంగోలు):

అలా అయితే మనిద్దరి మధ్య మిగిలిన తేడా తక్కువే. కానీ ఒకటి గమనించండి: జీశాట్-24 లాంటి ఉపగ్రహాన్ని మొత్తంగా అద్దెకు తీసుకోగలిగింది కూడా కోట్ల ఇళ్లలో బాక్సు ఉన్న సంస్థే. మన దేశంలో డబ్బు కట్టి చూసే డీటీహెచ్ చందాదారులు 2021లో 7 కోట్లకు దగ్గరగా ఉండి, ఇప్పుడు 6 కోట్ల లోపుకు పడిపోయారు. ఆ పెద్ద సంస్థలే లైసెన్సు ఫీజు భారం తగ్గించమని ప్రభుత్వాన్ని అడుగుతున్న సమయమిది. మీరు చెప్పే ఛానళ్లను తీసుకోమని వారిని అడిగితే, ముందుగా అడిగేది ఒక్క ఛానల్‌కు ఎంత చోటు పట్టిందని, ఎన్ని ఇళ్లలో చూస్తారని. ఆ రెండో సంఖ్య మన దగ్గర ఉంటే చెప్పండి, మిగిలిన లెక్క నేను వేసి పెడతాను.