దోమతెరల సర్వే: ఇళ్ళు ఎలా ఎంచుకోవాలి, ఏం అడగాలి?

మహేంద్రగిరి_దారి:
శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి మండలాల కొండ గూడేల్లో మలేరియా రాకుండా మందు దోమతెరలు పంచారు. ఏ ఇంటికి ఎన్ని ఇచ్చారన్న లెక్క రిజిస్టర్లో ఉంది. రాత్రి తెర కింద నిజంగా ఎంతమంది పడుకుంటున్నారు, జ్వరం వచ్చిన పిల్లలకు రక్తపరీక్ష, మందు అందుతున్నాయా అన్నది ఇంటింటికీ వెళ్ళి తేల్చాలి. ఆరుగురం ఉన్నాం, 300 ఇళ్ళు చేయగలం, చేతిలో వారం ఉంది. ఇళ్ళు ఎలా ఎంచుకోవాలి? లెక్క ఎక్కడ తప్పుతుంది?

వంశధార_లెక్కలు:
10 గూడేల్లో 30 ఇళ్ళ చొప్పున కాకుండా 30 గూడేల్లో 10 చొప్పున చెయ్యండి. తెరలు ఒక గూడేనికి అందితే అందరికీ ఒకే రోజు అందుతాయి, లేకపోతే ఎవరికీ అందవు. అందుకే ఒకేచోట 30 ఇళ్ళు తిరిగినా కొత్తగా తెలిసేది తక్కువ.

తెరలు పంచిన జాబితాలోంచి మాత్రం గూడేలు తీయకండి. పంపిణీ చేరని శివారు గూడేలు అందులో ఉండవు, మీకు కావలసింది ముందుగా అవే. సచివాలయం జాబితా, ఆశా రాసుకున్న ఇళ్ళ లెక్క, అంగన్‌వాడీ రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని పూర్తి జాబితా తయారుచేయండి. 15 ఇళ్ళు కూడా లేని గూడేన్ని పక్కదానితో కలపండి. తర్వాత జనాభాను వరసగా కూడుకుంటూ పోయి, మొత్తాన్ని 30తో భాగించండి. వచ్చింది అంతరం. 1 నుంచి ఆ అంతరం లోపు ఒక అంకెను చీటీ వేసి తీసి, అక్కడి నుంచి అంతరం కలుపుకుంటూ పోతే ఏ గూడేలో తేలిపోతాయి.

గూడెంలో అడుగుపెట్టగానే ఇళ్ళన్నిటికీ సుద్దముక్కతో నంబర్లు వేసి, చీటీలతో పది తీయండి. రామాలయం దగ్గర మొదలుపెట్టి వరసగా పది ఇళ్ళు చేసేస్తే దారికి దూరంగా ఉన్నవాళ్ళు ఎప్పటికీ లెక్కలోకి రారు. తాళం వేసి ఉంటే సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున్నే ఒకసారి వెళ్ళండి. బదులుగా పక్కింటిని తీసుకోవద్దు. తాళం వేసిన ఇంటివాళ్ళు పోడులో ఉండి ఉంటారు, తెర లేకుండా పడుకునేది ఎక్కువగా వాళ్ళే.

ఆరుగురంటే మూడు జట్లు, జట్టుకు రోజుకొక గూడెం. పది రోజులు కావాలి, వారం చాలదు.

నాగావళి_ఒడ్డు:
తెరల సంగతి నేను చెప్తాను. "తెర వాడుతున్నారా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. అలా అడక్కుండా, నిన్న రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్ళ పేర్లు చుట్టాలతో సహా ముందు రాసుకోండి. తర్వాత తెరలన్నీ చూపించమని, ఒక్కో తెర కింద ఎవరెవరు పడుకున్నారో అడగండి. ఇంటి మనిషై ఉండి రాత్రి పోడులో, మంచె మీద పడుకున్నవాళ్ళకు వేరే గడి పెట్టండి. మామూలు సర్వే ఫారంలో ఆ గడి ఉండదు. కొండ గూడేల్లో అది లేకపోతే సగం సంగతి తెలియదు.

తెరల అందుబాటు లెక్కలో ఒక తెర ఇద్దరికి. ఐదుగురున్న ఇంట్లో రెండు తెరలుంటే నలుగురికి అందినట్టు. ముగ్గురున్న ఇంట్లో మూడు తెరలున్నా ఆరు అనకూడదు, ముగ్గురే. ఈ రెండిళ్ళకూ కలిపి 8 మందిలో 7, అంటే 87.5 శాతం. ఆ హద్దు పెట్టకపోతే 8 మందికి 10 మంది వస్తారు. నిన్న రాత్రి తెర కింద పడుకున్నవాళ్ళ శాతాన్ని ఈ అందుబాటుతో పోల్చండి. అందుబాటే తక్కువైతే ఇంకా తెరలు పంచాలి. తెరలుండీ పడుకోకపోతే కారణం ఉక్కపోతా, కట్టుకునే చోటు లేకనా అని అడగాలి.

అంచున కుట్టిన లేబుల్ చూడండి, సంతలో కొన్నది మందు లేని తెర కావచ్చు. చిల్లులు లెక్కపెట్టి, ఒక్కోదానికి సైజును బట్టి మార్కులు వేసి కూడండి: బొటనవేలు దూరేది 1, పిడికిలి దూరేది 23, తల దూరేది 196, అంతకన్నా పెద్దది 576. మొత్తం 642 వరకు వాడుకోవచ్చు, 643 నుంచి చిరిగినట్టే. తల దూరే చిల్లులు నాలుగుంటే 784. అలాంటి తెర రిజిస్టర్లో ఉన్నా దోమను ఆపదు.

దోమల కోసం గోడలకు చల్లే మందు గురించి కూడా: చల్లారా అనే కాదు, ఏయే గదుల్లో చల్లారు, ఆ తర్వాత గోడ అలికారా, సున్నం వేశారా అనీ అడగాలి. అలికితే మందు మట్టి కిందకు పోతుంది.

పీహెచ్‌సీ_మెట్లు:
జ్వరం లెక్క దగ్గర జాగ్రత్త. ఇంటికి 0.4 మంది ఐదేళ్ళలోపు పిల్లలనుకుంటే 300 ఇళ్ళలో 120 మంది. గత రెండు వారాల్లో వాళ్ళలో 15 శాతానికి జ్వరం వచ్చిందనుకుంటే 18 మంది. వాళ్ళలో సగానికి పరీక్ష జరిగిందని మీకు తేలినా, అసలు సంఖ్య 27 నుంచి 73 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. దాన్ని పట్టుకుని నిర్ణయాలు చేయకూడదు. అన్ని వయసులవాళ్ళనూ అడగండి, పిల్లల అంకె విడిగా చూపించండి.

"మలేరియా వచ్చిందా?" అని అడగొద్దు, "ఒళ్ళు కాలిందా?" అనండి. సవర భాష మాట్లాడే మనిషి జట్టులో ఉండాలి. రెండు వారాలు గుర్తు రావడానికి సంత రోజు పట్టుకోండి: మొన్నటి సంతకు ముందు సంత నుంచి ఇటు. తర్వాత వరసగా: వేలు గుచ్చి రక్తం తీశారా, ఎవరు తీశారు, జ్వరం మొదలైన ఎన్నో రోజున, ఏ మాత్ర ఇచ్చారు. మాత్ర పేరు ఎవరికీ గుర్తుండదు, ఖాళీ స్ట్రిప్పులు చూపించండి. ఫాల్సిపారం రకం మలేరియాకు ఇచ్చే ఏసీటీ మందు ప్యాకెట్లకు వయసును బట్టి రంగు: ఏడాదిలోపు గులాబీ, 1–4 పసుపు, 5–8 ఆకుపచ్చ, 9–14 ఎరుపు, 15 దాటితే తెలుపు. మూడేళ్ళ పిల్ల ఇంట్లో ఎర్ర ప్యాకెట్ కనిపిస్తే అది ఎవరికి ఇచ్చారో ఆరా తీయాలి.

మందు పూర్తిగా వాడారా లేదా అన్నది ఈ సర్వేలో తేలదు. పీహెచ్‌సీలో పాజిటివ్‌గా నమోదైనవాళ్ళ జాబితా తీసుకుని ఇంటికి వెళ్ళి మాత్రలు లెక్కపెట్టండి. వైవాక్స్ రకం మలేరియా అయితే క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. పెద్దవాళ్ళకు 7.5 మి.గ్రా. మాత్రలు రోజుకు రెండు, మొత్తం 28. జ్వరం తగ్గగానే నాలుగో రోజున మానేస్తారు, కాలేయంలో దాగిన క్రిమి మిగిలి మళ్ళీ జ్వరం తెస్తుంది. మూత్రం నల్ల టీ రంగులో వస్తోందంటే ప్రైమాక్విన్ ఆపించి వెంటనే పీహెచ్‌సీకి పంపండి. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు అది ఇవ్వనే కూడదు.

మహేంద్రగిరి_దారి:
చాలా ఉపయోగం సార్. సబ్‌సెంటరు వారీగా ఏది వెనకబడిందో ఇదే సర్వేలో తెలుస్తుందా? కిట్‌తో అక్కడికక్కడే మలేరియా పరీక్షలు కూడా చేయమంటున్నారు.

వంశధార_లెక్కలు:
30 గూడేల నమూనాతో సబ్‌సెంటరు శాతం చెప్పలేరు. దానికి ఒక్కో సబ్‌సెంటరులో చీటీ తీసిన 19 ఇళ్ళు చాలు. లక్ష్యం 80 శాతమైతే 19లో కనీసం 13 ఇళ్ళు సరిగ్గా ఉండాలి. 12 లేదా అంతకు తక్కువైతే ముందు అక్కడికి వెళ్ళండి. ఇది గట్టెక్కిందా లేదా చెప్పే పద్ధతి, ఆ 19 నుంచి శాతం తీసి రిపోర్టులో రాయకండి.

పీహెచ్‌సీ_మెట్లు:
కిట్‌తో పరీక్ష చేస్తే ఏఎన్ఎం వెంట ఉండాలి, మందులు సంచిలో ఉండాలి, ముందుగా ఇంటివాళ్ళ ఒప్పుకోలు తీసుకోవాలి. పాజిటివ్ చెప్పి "పీహెచ్‌సీకి రండి" అని వచ్చేస్తే అంత దూరం దిగి వచ్చేవాళ్ళు తక్కువ. కిట్ మీద పడే ఫాల్సిపారం గీత మందు వాడాక కూడా కొన్ని వారాలు కనిపిస్తుంది. కాబట్టి గీత పడ్డవాళ్ళందరినీ గత నెలలో ఏసీటీ వాడారా అని అడిగి, స్మియర్ (గాజుపలక మీద రక్తపు పూత) కూడా తీయండి.